డప్పు వెంట క్లిక్ నడవాలి: ఒక హిప్‌హాప్ ఆల్బమ్ పని డైరీ

జూన్, వానలు పడకముందు

ఎనిమిది పాటల ఆల్బమ్. రాసేది, ర్యాప్ చేసేది పాలమూరు నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉంటున్న మా తమ్ముడు. బీట్లు, రికార్డింగు, మిక్సింగు నావి. ఆరు పాటలకు ఆరు రకాల అతిథులు: నాదస్వరం, డప్పుల బృందం, మర్ఫా, మృదంగం, పాలమూరు వైపు ఒక అవ్వ గొంతు, ఒక బేస్ గిటార్. మిగిలిన రెండింట్లో బీటు, గొంతు తప్ప ఇంకేమీ ఉండవు.

పాత పాటల నుంచి ముక్కలు కోసి వాడేది లేదని ముందే అనుకున్నాం. హిప్‌హాప్ పుట్టిందే అలా కోయడంలోంచి, నిజమే. కానీ 1991లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ మీద పడిన కేసులో న్యూయార్క్ కోర్టు తీర్పు ఇచ్చాక, అనుమతి లేని శాంపిల్ అంటేనే కంపెనీలకు గుండె జారిపోయింది. మన చట్టం లెక్క ఇది: రికార్డు విడుదలైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్ళు దాని మీద హక్కు ఉంటుంది. 1960లో వచ్చిన గ్రామఫోను రికార్డు మీద ఆ హక్కు 2020తో ముగిసింది. అంత మాత్రాన సంబరపడి కోసుకోవడానికి లేదు. పాట రాసినవాళ్ళకు, బాణీ కట్టినవాళ్ళకు ఉండే హక్కు వేరు. అది వాళ్ళు పోయాక కూడా 60 ఏళ్ళు నడుస్తుంది. ఈ తిప్పలన్నీ పడేకంటే మనుషుల్ని పిలిచి వాయించుకోవడమే నయం. సౌండు కూడా మనదే అవుతుంది.

ఈ దారి కొత్తదేం కాదు. 1991లో ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే హిప్‌హాప్ బృందం పాట ఒకదానికి జాజ్ వాద్యకారుడు రాన్ కార్టర్ డబుల్ బేస్ వాయించాడు. 1993లో గురు అనే ర్యాపర్ డొనాల్డ్ బర్డ్ ట్రంపెట్‌నీ, రాయ్ ఏయర్స్ వైబ్రఫోన్‌నీ స్టూడియోకే తెచ్చి జాజ్‌తో ఒక ఆల్బమ్ మొత్తం చేశాడు. 2015 నాటి ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్‌లో కమాసి వాషింగ్టన్ శాక్సఫోన్, థండర్‌క్యాట్ బేస్ వింటే వాళ్ళు పిలిస్తే వచ్చినవాళ్ళలా అనిపించరు. లాస్ ఏంజిలస్‌లో చిన్నప్పటి నుంచీ ఒకరితో ఒకరు వాయించినవాళ్ళు మరి. మాకు ఆ సౌకర్యం లేదు. మా నాదస్వరం పెద్దాయన ర్యాప్ విని ఉండడు, మా తమ్ముడు నాదస్వరం పెళ్ళిళ్ళలో తప్ప వినలేదు.

అందుకే ఒకే ఒక్క నియమం పెట్టుకున్నాం. అతిథి శ్రుతి ఏదో, అతిథి నడక ఏదో ముందు తెలుసుకుని, పాటను దాని మీద కట్టాలి. బీటు తయారుగా పెట్టి "దీని మీద ఏదో ఒకటి వాయించండి" అనకూడదు. వినడానికి తేలికగానే ఉంది. పని ఎంత పెరుగుతుందో ముందు ముందు తెలుస్తుంది.

తేదీలు పంచాంగం చూసుకుని పెట్టుకోవాల్సి వచ్చింది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి నాదస్వరం వాళ్ళు ఖాళీ, కల్యాణ మండపాలూ ఖాళీ. అదే నెలలో హైదరాబాద్‌లో బోనాలు, కాబట్టి డప్పుల వాళ్ళు దొరకరు. వినాయక చవితి దగ్గరపడితే తీన్‌మార్ వాళ్ళను అడగనే కూడదు. వరుస దానంతట అదే తేలిపోయింది.

ఆషాఢం: నాదస్వరం

నాదస్వరం కోసం చిలకలూరిపేట వైపు వెళ్ళాం. ఆ చుట్టుపక్కల ముస్లిం కుటుంబాలు తరాలుగా గుళ్ళలో నాదస్వరం వాయిస్తున్నాయి. సంగీత కళానిధి షేక్ చిన మౌలానా పుట్టింది కూడా ప్రకాశం జిల్లా కరవదిలోనే. మేం కలిసిన పెద్దాయన ఫోన్లోనే ఒక షరతు పెట్టారు: "డోలు లేకుండా నేను రాను బాబూ. మా ఇద్దరికీ మాట్లాడుకో." బడ్జెట్‌లో ఉన్నది ఒక్కరికే. అయినా సరేనన్నాం.

పాట ఎఫ్ మైనర్‌లో అనుకున్నది. ఆయన వాయిద్యం శ్రుతి రెండున్నర, అంటే కీబోర్డు మీద డి షార్ప్. గిటార్‌లా బిరడా తిప్పి నాదస్వరం శ్రుతి మార్చలేం. చెక్క ఎంత పొడవు ఉంటే అంతే. నోట పెట్టుకునే పీక మార్చి, ఊపిరి బిగించి కొంచెం అటూ ఇటూ చేస్తారు గానీ రెండు మెట్లు ఎక్కడం జరిగే పని కాదు. కాబట్టి పాటనే కిందికి దించాం. దాంతో ఇంకో సంగతి ముందుకొచ్చింది. 808 (డ్రమ్ మెషీన్ లోతైన బేస్ చప్పుడు) ఎఫ్‌లో ఉన్నప్పుడు అడుగు స్వరం 43 హెర్ట్జ్ దగ్గర ఉండేది, డి షార్ప్‌కి దిగేసరికి 39కి చేరింది. ఫోన్ స్పీకర్‌లో అది పూర్తిగా మాయం. కొంచెం శాచురేషన్ వేసి, అంటే శబ్దాన్ని కాస్త గరుకు చేసి, పైన హార్మోనిక్స్ (అదే స్వరానికి పై పౌనఃపున్యాలు) పుట్టిస్తే చిన్న స్పీకర్‌లో కూడా చెవికి ఆనింది. తమ్ముడికి మాత్రం దించిన శ్రుతే గొంతుకు హాయిగా కుదిరింది.

మండపంలో కుర్చీలన్నీ ఒక పక్కకు నెట్టి, తెరలు దించి, పెద్దాయనను మధ్యలో కూర్చోబెట్టాం. మైకు దగ్గరగా పెడితే చెవిలో సూది గుచ్చినట్టు ఉంది. ఆరడుగుల దూరంలో ఒకటి, హాలు వెనక ఇంకొకటి పెట్టాక మండపం మోత కూడా పాటలోకి వచ్చింది. అది ఏ ప్లగిన్‌లోనూ దొరకదు.

అసలు చిక్కు వాయించడం మొదలుపెట్టాక వచ్చింది. రాగం నఠభైరవి, స్వరాలు చూస్తే అచ్చం మైనర్ స్కేల్. కింద మైనర్ కార్డు సాగదీసి పెట్టాను. ఆయన గాంధారం పట్టుకుని ఊపేసరికి ఆ కార్డులోని గాంధారం కదలకుండా నిలబడి దానికి అడ్డం తగులుతోంది. ఈయన స్వరం రెండు స్వరాల మధ్య తిరుగుతుంటే, అది మేకు కొట్టినట్టు ఒకే చోట ఉంది. కీబోర్డు నుంచి గాంధారం మొత్తం తీసేసి షడ్జమం, పంచమం మాత్రమే ఉంచాను. గాలి ఆడినట్టయింది. అప్పుడు ఆయన తల ఊపారు. "ఇప్పుడు తంబూరా లాగా ఉంది బాబూ, ఇందాక ఎవరో నా పక్కన నిలబడి తప్పు పాడుతున్నట్టుంది" అన్నారు.

గొంతును శ్రుతిలోకి లాగే ఆటోట్యూన్ గురించి ఒక మాట. తమ్ముడి హుక్ (మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి) మీద వాడాను, బాగుంది. స్వరాన్ని ఊపే గమకం మీద మాత్రం దాని నీడ కూడా పడనివ్వను. సాఫ్ట్‌వేర్ కంటికి గమకం అంతా అపస్వరమే.

శ్రావణం: డప్పు

బోనాలు అయిపోయాక డప్పుల బృందం దొరికింది. ఐదుగురు. స్టూడియోకి పిలవడానికి లేదు, ఎందుకంటే మంట కావాలి. మేక తోలు వేడెక్కితేనే బిగిసి మోగుతుంది, శ్రావణంలో ముసురు పట్టిందంటే కాసేపట్లోనే సడలిపోతుంది. స్టూడియో లోపల గడ్డి మంట వేస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? ఊరి చివర బడి వరండా ఆదివారం పూట ఇప్పించారు. ముందర జాగాలో మంట, వరండాలో మైకులు.

మొదట హెడ్‌ఫోన్స్ పెట్టి క్లిక్ (ఒకే వేగంలో కొట్టే టిక్కు చప్పుడు) వినిపించాం. ముందు నిలబడే అన్న రెండు దరువులు వేసి హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టిండు. "తమ్మీ, ఈ టిక్కుటిక్కు మా ఎంబడి రావాలె గానీ, మేం దాని ఎంబడి పోతే దరువు సచ్చిపోతది" అన్నడు. నాకు వాదించే పని పడలేదు. ఆయన చెప్పింది మా నియమమే.

క్లిక్ లేకుండా తీసుకున్నాం. మొదలైనప్పుడు నిమిషానికి 98 దెబ్బలు, ముగిసేసరికి 107. ఇది తప్పటడుగు కాదు. ముందు నిలబడే మనిషి అడుగు పెంచిన చోటల్లా మిగతా నలుగురూ కలిసే పెంచారు. ఇంటికొచ్చి సాఫ్ట్‌వేర్‌లో ప్రతి బారు (తాళంలో ఒక చుట్టు) మొదటి దెబ్బకూ చేత్తో గుర్తు పెట్టి టెంపో మ్యాప్, అంటే వేగం ఎక్కడెక్కడ మారిందో చూపే పటం, కట్టాను. విసుగు పుట్టించే పని. కానీ ఒకసారి కట్టాక హై హ్యాట్లు, 808, క్లాప్ అన్నీ డప్పు వెంటే పరుగెత్తుతాయి. రెండో చరణంలో బీటు తోసుకొస్తుంటే తమ్ముడి మాట కూడా తనంతట తానే వేగం అందుకుంది. వేగం మారని గ్రిడ్ మీద పాడితే ఆ ఆవేశం నటనలా ఉండేది.

రెండు టేకులు కలిపి కుట్టడం మాత్రం కుదరలేదు. టేకు టేకుకీ మధ్య తోలు కాచుకుంటారు, ఒకదానిలో డప్పు గొంతు ఒక మెట్టు పైన, ఇంకోదానిలో కింద. కాబట్టి ఒక టేకు మొత్తంగా ఉండాలి, లేదంటే వదిలేయాలి. ఈ రోజుల్లో ఇలా పని చేసేవాళ్ళు తక్కువ. నాకైతే నచ్చింది. నిర్ణయం మైకు ముందే అయిపోతుంది, వారం తర్వాత మౌసు పట్టుకుని కాదు.

కుడి చేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్ర, ఎడమ చేతిలో సన్నటి చిటికెన పుల్ల. రెండింటికీ ఒకే మైకు పెడితే సిర్ర దెబ్బ పుల్ల చప్పుడును మింగేస్తోంది. డప్పు వెనక వైపు ఒకటి, ముందర పుల్ల వైపు ఒకటి పెట్టాం. ఆ పుల్ల చప్పుడే ఇప్పుడు పాటలో హై హ్యాట్ పని సగం చేస్తోంది. నేను రాసిన హై హ్యాట్ చాలా వరకు తీసేశాను.

తమ్ముడు సావు దరువు కావాలని అడిగిండు, పాట తాత గురించి కాబట్టి. వాయించారు. కానీ దాంతో సామాను సర్దనివ్వలేదు. "ఇండ్లకు పోయేముందు జాతర దరువు ఒకటి కొట్టాలె" అని ఊరంతా వినపడేలా కొట్టారు. మైకులు ఆపలేదు, అదీ రికార్డయింది. ఆల్బమ్‌లో ఎక్కడ పెట్టాలో తెలియదు గానీ పారేసేది లేదు.

శ్రావణంలోనే: మర్ఫా

ఇది తొందరగా అయిపోయిన పాట. నిజాం కాలంలో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటే ఇవాళ్టి ఏసీ గార్డ్స్. ఆ సిద్దీ కుటుంబాలు, బార్కస్‌లో స్థిరపడిన హద్రమౌత్ అరబ్బులు మోగించిన వాద్యం హైదరాబాద్ పెళ్ళి బరాత్‌లో మర్ఫాగా నిలిచింది. తీన్‌మార్ అని ఊరంతా చిందులేసేది కూడా ఆ దరువుల్లోదే. డఫ్, డోలు, స్టీలు బిందె, చెక్క తాపీలు. మూడేసి దెబ్బల ఊపు దానిలోనే ఉంది కాబట్టి మాట మూడేసిగా పడే ట్రిప్లెట్ ఫ్లో కోసం ఏ కసరత్తూ చేయనక్కర్లేకపోయింది. వాళ్ళు మాట్లాడే దక్కనీలోనే హుక్ కట్టాం, చరణాలు తెలుగులో. స్టీలు బిందె మైకును పగలగొట్టేంత పని చేస్తుంది, దాన్ని గది అవతలికి జరిపాం. అంతే.

భాద్రపదం: ఏడు మీద ర్యాప్

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది ఇదే. అందరికంటే నేను ఆనందపడింది కూడా ఇక్కడే.

మృదంగం వాయించే అక్క హైదరాబాద్‌లోనే పాఠాలు చెబుతుంది. ఆమెకు ఏ తాళం ఇష్టమని అడిగితే మిశ్ర చాపు అంది. మూడూ నాలుగూ ఏడు, తకిట తకధిమి. ర్యాప్ ఏమో నాలుగు దెబ్బల బారు మీద నడుస్తుంది, స్నేర్ డ్రమ్ దెబ్బ రెండు, నాలుగు మీద పడాలి. ఏడు మాత్రల బారు పెట్టి దాని మీదే ర్యాప్ చేస్తే తేలికే. కానీ వినేవాళ్ళ తల ఊగదు. తల నాలుగుకి ఊగుతూ, మృదంగం, మాట ఏడులో నడవాలి.

కాగితం మీద లెక్క వేశాం. ఒక బారుకు పదహారు చిన్న మాత్రలు. చాపు ఆవృతం, అంటే తాళం ఒక చుట్టు, ఏడు మాత్రలు. ఏడు బార్లకు 112 మాత్రలు, అంటే సరిగ్గా పదహారు ఆవృతాలు. అంటే ప్రతి ఏడు బార్లకోసారి రెండూ ఒకే దెబ్బ మీద కలుసుకుంటాయి. ర్యాప్ చరణం అంటే అలవాటుగా పదహారు బార్లు. ఇక్కడ అది పనికిరాదు, పద్నాలుగు బార్లు కావాలి. వేగం నిమిషానికి 72.

సరే, మాట ఎలా రాయాలి? ఈ ప్రశ్న దగ్గర తమ్ముడు ఆగిపోయాడు. అప్పుడు అక్కే అంది: "ఇందులో తిప్పలేముంది, గురజాడ ముత్యాల సరాలు ఇదే నడక కదా!" ఆయన 1910లో వేసిన ఆ బాట, పాదానికి పద్నాలుగు మాత్రలు: మూడు, నాలుగు, మూడు, నాలుగు. అంటే రెండు చాపు ఆవృతాలు. ఏడు బార్లకు ఎనిమిది పాదాలు, రెండు సరాలు. చరణానికి నాలుగు సరాలు. ఇంకో సౌలభ్యం ఏమిటంటే నాలుగో పాదాన్ని ఏడు మాత్రల దగ్గరే ఆపేయొచ్చు. మిగతా ఏడు మృదంగానికి వదిలేయాలి, తమ్ముడు ఊపిరి తీసుకుంటాడు.

మొదటి సరం ఇలా వచ్చింది:

గల్లి మూలన చాయి బండికి
పొద్దు కన్నా ముందె వెలుగులు
రాత్రి నిద్దుర లేని కండ్లకు
చాయె సూర్యుడు

పుస్తకంలా చదివితే పద్యంలా ఉంటుంది. స్నేర్ మీద చెబితే వేరే ప్రాణి. ఎందుకంటే స్నేర్ దెబ్బ ప్రతి పాదంలో వేరే అక్షరం మీద పడుతుంది. మొదటి పాదంలో 'మూలన'లో మొదటి అక్షరం సాగే చోట పడేది, రెండో పాదానికి ఇంకెక్కడికో జారుతుంది. తమ్ముడికి మొదట కాళ్ళ కింద నేల కదిలినట్టు అయింది. పాదం తడుతూ స్నేర్‌ను, చేత్తో చాపును వేయడం నేర్చుకున్నాక స్థిరపడ్డాడు. ఫోన్లో మెట్రోనోమ్ పెట్టుకుని బస్సులో కూడా గొణుక్కుంటున్నాడని వాళ్ళ రూమ్మేట్ ఫిర్యాదు.

చరణం చివర ముక్తాయింపు (ముగించే దరువు) అక్కది. ఆఖరి బారులో "తదిగిణతోం" మూడుసార్లు. ఐదు మూళ్ళు పదిహేను, ముందు ఒక మాత్ర ఖాళీ, మొత్తం పదహారు. అక్కడ బీటు అంతా ఆపేసి, మృదంగం ఒక్కటే వినిపించి, మళ్ళీ మొదటి దెబ్బకు 808తో సహా పడతాం. ఈ ఒక్క చోట రికార్డింగ్ గదిలో ఉన్న మేమందరం అరిచాం. ఆ అరుపు టేకులో పడింది. అలాగే ఉంచాం.

ఇక్కడ మాత్రం క్లిక్ వాడాం. అక్కకు క్లిక్ అంటే ఇబ్బంది లేదు, పైగా దానితో ఆడుకుంటుంది. నియమం క్లిక్ వద్దని కాదు కదా, అతిథికి ఏది నడక అయితే అది.

దసరాకు ముందు: కాగితాలు

అవ్వ పాట ఫోన్‌లో తీసిన రికార్డు కాదు, మంచి మైకు తీసుకెళ్ళి వాళ్ళింట్లోనే తీశాం. పొలంలో నాట్లేసేటప్పుడు పాడే పాట. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. ఇలాంటి చోట "జానపదం, సంప్రదాయం" అని రాసేసి చేతులు దులుపుకోవడం మామూలు. పాట ఎవరిదీ కాకపోవచ్చు, పాడిన గొంతు మాత్రం అవ్వది. ప్రదర్శించినవాళ్ళకు మన కాపీరైట్ చట్టంలో విడిగా హక్కు ఉంది. 2012 సవరణ తర్వాత వ్యాపారానికి వాడితే రాయల్టీకి కూడా అర్హులు. చాలామంది కళాకారులకు ఈ సంగతి చెప్పేవాళ్ళే లేరు, చేతిలో డబ్బు పెట్టి ఖాళీ కాగితం మీద సంతకం తీసుకోవడమే ఆనవాయితీ అయిపోయింది.

మేం ఒక్క పేజీ తెలుగులో రాశాం. ఆ రోజు వచ్చినందుకు ఇంత, ఆ పాట రికార్డు మీద వచ్చే ఆదాయంలో ఇంత వాటా, పేరు ఇలా వేస్తాం, సినిమాకో ప్రకటనకో ఇవ్వాలంటే మళ్ళీ అడుగుతాం. డప్పుల బృందంలో ఐదుగురి పేర్లూ విడివిడిగా, "బృందం" అని ఒకే మాటగా కాదు. అవ్వ సంతకం పెట్టేముందు మనవరాలితో రెండుసార్లు చదివించుకుంది. ఆ తర్వాత "పైసలు రాకుంటే ఏంది మరి?" అని అడిగింది. రాకపోవచ్చని ఉన్నమాట చెప్పాం. "గట్లయితే ముందు ఇచ్చేటివి పెంచు" అంది. పెంచాం.

కార్తీకం: మిక్సింగు

తమ్ముడి గొంతు, నాదస్వరం రెండూ ఒకే చోట పోట్లాడతాయి. మాట స్పష్టంగా వినిపించే పౌనఃపున్యాలు, నాదస్వరం కోసుకొచ్చే పౌనఃపున్యాలు దాదాపు ఒకటే. ఈక్యూతో ఆ పౌనఃపున్యాల్లో ఒకరిని తగ్గిస్తే వాళ్ళు జలుబు చేసినట్టు వినిపిస్తారు. అందుకని ఈక్యూ వదిలేసి పాట అమరికే మార్చాను. మాట ఉన్నప్పుడు నాదస్వరం ఉండదు, మాట ఆగిన చోట అందుకుంటుంది. ఆయన పెద్ద సంగతి ఒకటి వేసిన చోట తమ్ముడు రాసిన రెండు లైన్లు పోయాయి. మంచి లైన్లే. ఒకరోజు అలిగాడు, తర్వాత తనే తీసేయమన్నాడు.

స్ట్రీమింగ్ వాళ్ళు పాటల శబ్దాన్ని ఒక స్థాయికి తెస్తారు, స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్‌కి (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత). కాబట్టి డప్పు పాటను లిమిటర్‌తో నలిపి గట్టిగా చేస్తే ఒరిగేదేమీ లేదు, వాళ్ళు మళ్ళీ తగ్గిస్తారు, సిర్ర దెబ్బ పదును మాత్రం పోతుంది. డప్పు పడినప్పుడల్లా 808 కొంచెం తగ్గి దారి ఇచ్చేలా సైడ్‌చెయిన్ పెట్టాను. ఆటోలో, కారులో, పది రూపాయల ఇయర్‌ఫోన్‌లో విన్నాం. ఆటోలో విన్నదే నిజమైన పరీక్ష, వెనక సీటు స్పీకర్లు ఏ తప్పునూ దాచవు.

బేస్ గిటార్ పాటను తీసేశాం. వాయించినతను మంచి వాద్యకారుడు, తప్పేమీ లేదు. కానీ ఊరి అవతల ఉండటం వల్ల అతనికి మేం తయారైన బీటు పంపాం, అతను దాని మీద వాయించి పంపాడు. మిగతా ఐదు పాటల పక్కన అది కూరలో కరివేపాకులా తేలిపోయింది. తీసేస్తే ఎవరికీ తెలియదు. అతనికి ఫోన్ చేసి చెప్పాను, ఒప్పుకున్న డబ్బు మొత్తం ఇచ్చాం. ఎదురుగా కూర్చుని మొదటి నుంచి కట్టే పాట ఒకటి తర్వాత చేద్దామన్నాడు.

ఇప్పుడు ఏడు పాటలున్నాయి. వరుస దగ్గర నాకూ తమ్ముడికీ ఇంకా తేలలేదు. అతను మర్ఫాతో మొదలుపెడదామంటాడు, జనం మొదటి పది సెకన్లలోనే ఉంటారో పోతారో తేల్చుకుంటారని. నేను డప్పుతో అంటున్నాను, అదీ 808 లేకుండా, మొదటి పదహారు దెబ్బలు ఉత్త డప్పే. జాతర దరువు ఎక్కడన్నది ఈ గొడవ తేలితే తేలుతుంది. నాదస్వరం పెద్దాయనకు లింకు పంపాను. విని ఫోన్ చేశారు: డోలు ఇంకొంచెం పెంచమన్నారు. రేపు పెంచి మళ్ళీ పంపాలి.